వేట ఎవరికి సరదా? ఎవరికి బతుకు?

చేపలు పట్టే పనికి మన తీరంలో ఉన్న పేరు వేట. నిజాంపట్నంలో ఏ గడప ముందు నిలబడి "మీ ఆయన ఏడమ్మా?" అని అడిగినా "వేటకు పోయాడు" అంటారు. చేపలు పట్టటానికి పోయాడని ఎవరూ అనరు. రాజులు అడవిలో ఆడిన వేట వినోదం. పల్లెకారు సముద్రం మీద చేసే వేట కడుపు కోసం. మాట ఒకటే గాని అర్థాలు రెండు. ఆ రెండు అర్థాలూ ఇప్పుడు ఒకే ఒడ్డు మీద ఎదురుపడుతున్నాయి. అందుకే రైతుకూలీల సంగతులు రాసే ఈ శీర్షికలో ఈసారి సముద్రం సంగతి రాస్తున్నాం.

"కూలి రేట్ల గురించి రాసేవాళ్ళకి ఉప్పునీళ్ళ గొడవ ఎందుకయ్యా" అని అడిగే మిత్రులున్నారు. మేముండేది నందివెలుగు. తెనాలి పక్క ఊరు. మాకు సముద్రం కనపడదు, దాని హోరు వినపడదు. కాని మా పొలాల మురుగు చివరికి చేరేది ఆ సముద్రానికే. పని లేని రోజుల్లో మా కూలీల్లో కొందరు చేరేదీ అక్కడికే. తెనాలిలో రేపల్లె రైలెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి నిజాంపట్నం పోతారు. అక్కడ ఐసు కొడతారు, బుట్టలు మోస్తారు, బోటులోంచి సరుకు దించుతారు. చేనులో కూలీ అయినవాడు రేవులోనూ కూలీయే. నీళ్ళు మారినంత మాత్రాన మనిషి మారడు.

పోయిన మాఘమాసంలో మేమూ అట్లా ఒక పని మీద రేవుకు పోయాం. అప్పుడొక చిన్న సంగతి జరిగింది. నలుగురు కుర్రాళ్ళు పట్నం నుంచి కారులో వచ్చారు. చేతుల్లో పొడుగాటి రాడ్లు, వాటికి రీళ్ళు, పెట్టెనిండా రంగు రంగుల బొమ్మచేపలు. ఒక ఫైబరు పడవ అద్దెకు మాట్లాడుకున్నారు. తెల్లారకముందే మొగ దగ్గరికి పోయి, ఎండెక్కేసరికి తిరిగొచ్చారు. రెండు పండుగప్పలు పడ్డాయట. ఒకదాన్ని ఫొటో తీసుకుని నీళ్ళలో వదిలేశారు. రెండోది వండించుకు తిన్నారు. పడవవాడి చేతిలో అద్దె పెట్టి, దండం పెట్టి పోయారు. మర్యాదస్తులు, వాళ్ళను ఒక్కమాట అనటానికి లేదు.

వాళ్ళు పోయాక పడవవాడు మా దగ్గరికొచ్చి కూచున్నాడు. "అన్నా, మూడు రాత్రులు వలేస్తే మిగలని డబ్బు ఈ పూట మిగిలింది. డీజిలు నాది కాదు, ఐసు ఖర్చు లేదు, షావుకారికి చెప్పాల్సిన పని లేదు. మావాళ్ళు మాత్రం, వేటగాడివి, బండి తోలుకునేవాడివైపోయావని ఎగతాళి చేస్తన్నారు. నేను చేసింది తప్పంటారా?" అని అడిగాడు.

అప్పటికప్పుడు మాకు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ మనిషికి బాకీ పడ్డ జవాబే.

సముద్రం ఎప్పుడిస్తుంది, ఏమిస్తుంది

ముందు ఈ నీళ్ళ సంగతి తెలుసుకోవాలి. నిజాంపట్నం నుంచి సూర్యలంక దాకా మన తీరం రాతి తీరం కాదు. కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు మీద, ఇసక మీద నిలిచిన తీరం. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, నీళ్ళు ఎప్పుడూ కలకే. కాలవల మొగల దగ్గర మడ అడవులున్నాయి. రొయ్యపిల్లకూ చేపపిల్లకూ అవే ఉయ్యాలతొట్లు. పండుగప్ప, మాగ, కత్తిపరిగ, జెల్ల, పీత, రొయ్య ఈ మొగల్లో తిరిగే జీవాలు. కొంచెం లోపలికి పోతే కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, సావిడాయలు, చందువాలు. ఇంకా లోపల నీళ్ళు తేరుకున్న చోట వంజరం, సొర.

వేటగాడు క్యాలెండరు కంటే ముందు చంద్రుణ్ణి చూస్తాడు. అమావాస్యకూ పున్నానికీ పోటూ పాటూ బలంగా ఉంటాయి. అష్టమికి నీరు మందగిస్తుంది. పోటు తిరిగి పాటు మొదలయ్యేటప్పుడు మొగలోంచి రొయ్య, పరిగ బయటికి కొట్టుకొస్తాయి. వాటి కోసం పండుగప్ప అక్కడ కాచుకుని ఉంటుంది. పట్నం నుంచి రాడ్లు పట్టుకొచ్చిన కుర్రాళ్ళకు ఆ చోటూ ఆ వేళా చూపించింది వాళ్ళ రీళ్ళు కాదు. తండ్రి దగ్గర నేర్చుకున్న ఈ పడవవాడే. ఆ విద్యకు అద్దెలో ఒక్క పైసా కలిపి కట్టలేదు. మనం గమనించాల్సిన మొదటి సంగతి ఇది.

కాలాన్ని బట్టి చూస్తే, తొలకరి తర్వాత నదికి వరదొచ్చినప్పుడు తీపినీళ్ళు, ఒండ్రు సముద్రంలో కలిసి రొయ్యకు మేత పెడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి, తుపానుల భయం. సంక్రాంతి దాటాక సముద్రం నెమ్మదిస్తుంది, నీళ్ళు తేరుకుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా చిన్న పడవలకు మంచి రోజులు. సరదా వేటగాళ్ళు వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఆ తర్వాత ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. 2015 నుంచి ఇది 61 రోజులు. అంతకు ముందు 47 రోజులుండేది.

ఇదంతా పుస్తకంలో రాసినట్టు జరిగే రోజులు పోయాయి. నది మీద ఎగువన ప్రాజెక్టులొచ్చాయి. అవి మన డెల్టాకూ పైవాళ్ళకూ అన్నం పెట్టాయి, కాదనం. కాని ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రానికి పోయే నీటిని "వృథా" అని రాసే పత్రికలు ఒక సంగతి మరిచాయి. ఆ నీళ్ళు రొయ్యకు వృథా కాదు. వానలు లేని ఏడు నది కిందికి పారదు, మొగ ఉప్పెక్కుతుంది, పిల్ల రొయ్య నిలవదు. ఇంకో ఏడు ఒక్కసారిగా మీద పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకలు మునిగాయి, పసుపు, అరటి పోయాయి. ఆ వరద లంక రైతును ముంచి, చెత్తనూ బురదనూ మొగలోకి నెట్టింది. వేటగాడికీ రైతుకూ ఒకే నది వల్ల ఒకే ఏడు నష్టం. నష్టం లెక్క రాసే కాగితాలు మాత్రం వేరు వేరు ఆఫీసుల్లో.

సముద్రం వేడెక్కుతోందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. బంగాళాఖాతం ముందే వెచ్చని సముద్రం. పైనీళ్ళు మరీ వెచ్చబడితే అడుగున ఉన్న మేత పైకి రాదు. చల్లని నీటి కోసం చేప లోతుకు పోతుంది. లోతుకు పోలేని చిన్న పడవ ఉత్త వలతో తిరిగొస్తుంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉపగ్రహాల సాయంతో నీటి వేడిని, మేత రంగును కొలిచి, చేప దొరకగల చోట్లు ఎటువైపు ఎంత దూరంలో ఉన్నాయో రేవులవారీగా తెలుగులో చెబుతోంది. మంచి పని. కాని అది చెప్పిన దూరానికి పోగలవాడు పెద్ద బోటువాడు. చిన్న పడవవాడు ఆ కబురు విని, "అంత దూరం డీజిలు ఎవరు పోస్తారు?" అని నవ్వుకుంటాడు. కబురు అందరిదీ, చేప డీజిలున్నవాడిది.

పత్రికల్లో పడే చేప, పడని చేప

ఏడాదికి ఒకటి రెండుసార్లు పత్రికల్లో ఒక వార్త వస్తుంది: ఫలానా రేవులో కచ్చిడి చేప పడింది, లక్షలు పలికింది, జాలరి పంట పండింది. దాని పొట్టలోని తిత్తికి విదేశాల్లో గిరాకీ. వార్త నిజమే. కాని ఆ రోజు ఆ రేవు నుంచి పోయిన మిగతా పడవలేమైనట్టు? లాటరీ తగిలినవాడి ఫొటో వేసి ఊరంతా ధనవంతులైనట్టు రాయటం ఎంత నిజమో, ఇదీ అంత నిజం.

రోజువారీ వేట లెక్క వేరు. బోటు రేవుకు రాగానే సరుకు వేలంలో పోతుంది. వచ్చిన డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు తీస్తారు. తర్వాత బోటువాటా, వలవాటా, యంత్రానికి వాటా. మిగిలింది సరంగుకూ కళాసీలకూ పంపకం. వేట బాగా పడితే అందరికీ తృప్తి. పడకపోతే యజమానికి అప్పు, కళాసీకి పస్తు. బోటు కొనటానికి, వల కొనటానికి పెట్టుబడి పెట్టిన షావుకారికి మాత్రం సరుకు అతను చెప్పిన ధరకే పోవాలి. మన కౌలు రైతు సంగతి ఎరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పంట పండినా పండకపోయినా కౌలు కట్టాల్సిందే. ఇక్కడ భూమి బదులు నీళ్ళు, అంతే తేడా.

పెద్దవాళ్ళ బోట్లు ఒడ్డు దగ్గరికి రాకూడదని చట్టముంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటగాళ్ళది. మరబోట్లు ఆ గీత దాటి అవతల వేటాడాలి. కాని సముద్రం మీద గట్టు లేదు, సర్వేరాయి లేదు. రాత్రిపూట ఇవతలికొచ్చి వల లాక్కుపోతే చిన్నవాడి వలా తెగుతుంది, చేపపిల్లా పోతుంది. గట్టు జరిపిన ఆసామిని ఊళ్ళో నిలదీసినట్టు నీళ్ళ మీద నిలదీసేదెవరు?

సరదా తప్పు కాదు, కాని…

ఇప్పుడు రాడ్ల సంగతికి వద్దాం. గాలం వేయటం పట్నంవాళ్ళు కనిపెట్టిన విద్య కాదు. మా కాలవగట్ల మీద పశువులు కాసే పిల్లలు తాటాకు బెండు కట్టి, వానపాము గుచ్చి మట్టగిడసలు పట్టినవాళ్ళే. ఆ ఎదురుచూపులో ఉన్న ఆనందం మాకూ తెలుసు. 1960లో హవానాలో హెమింగ్వే పేర జరిగిన మార్లిన్ చేపల పోటీలో ఫిడెల్ కాస్ట్రో స్వయంగా గాలం వేసి గెలిచాడు. కాబట్టి గాలం పట్టిన ప్రతివాడూ శ్రమజీవికి శత్రువని మేము అనం. పైగా గాలం ఒక్కొక్క చేపనే పడుతుంది. సన్నకళ్ళ వలలాగా గుడ్డూ పిల్లా ఊడ్చుకుపోదు.

చిక్కు గాలంలో లేదు. గాలం వెనక వచ్చే పెట్టుబడిలో ఉంది. సరదాకు వచ్చినవాడికి ముందు పడవ కావాలి. తర్వాత గది కావాలి. తర్వాత ఒడ్డు శుభ్రంగా కనపడాలి. ఆ తర్వాత ఆ ఒడ్డున వలలు ఆరేసుకునేవాళ్ళు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, ఆ వాసన అడ్డమవుతారు. చివరికి "ఈ వలల వల్లే మాకు చేపలు పడటం లేదు" అనే మాట పుడుతుంది.

ఇది మా ఊహ కాదు. అమెరికాలో ఫ్లోరిడా అనే రాష్ట్రముంది. మనలాంటిదే వెచ్చని తీరం. సరదా వేటగాళ్ళకు స్వర్గమని పేరు. అక్కడ గాలం వేటగాళ్ళ సంఘాలూ, వాళ్ళ పత్రికా కలిసి వలల మీద ఉద్యమం నడిపాయి. 1994 నవంబరులో రాజ్యాంగ సవరణకు ఓటింగు పెట్టారు. నూటికి 72 మంది వలలకు వ్యతిరేకంగా ఓటేశారు. 1995 జూలై 1 నుంచి రాష్ట్ర జలాల్లో చేపను కళ్ళల్లో చిక్కించుకునే వలలు బంద్. తరతరాలుగా పరిగలు పట్టి బతికిన కుటుంబాలు పడవలు అమ్ముకుని వేరే పనులు వెతుక్కున్నాయి. తర్వాత చేప పెరిగిందని సరదా వేటగాళ్ళు చెబుతారు. పెరిగి ఉండవచ్చు. చేపను కాపాడాల్సిందే. కాని ఆ కాపుదలకు కూలి ఎవరు కట్టారు? ఓటేసినవాళ్ళా, వల పోగొట్టుకున్నవాళ్ళా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మన సూర్యలంకలో అంత దాకా రాలేదు. కాని దారి అటే పడుతోంది. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరానికి సెలవురోజుల్లో జనం వేలల్లో వస్తున్నారు. కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకంలో దీన్ని చేర్చింది. 2019 జనవరిలో వచ్చిన కొత్త తీరప్రాంత నిబంధనలు, జనం దట్టంగా ఉన్న గ్రామీణ తీరంలో కట్టడాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించాయి. ఒడ్డు మీద తాత్కాలిక పర్యాటక కట్టడాలకు దారి తెరిచాయి. వచ్చేవాళ్ళు రానివ్వండి. బాపట్ల ఆటోవాడికి, బజ్జీల బండివాడికి నాలుగు డబ్బులొస్తే మాకు సంతోషమే. మేమడిగేది ఒక్కటే: ఆ ఒడ్డున పడవ నిలిపే చోటు, వల ఆరేసే చోటు, చేప ఎండబెట్టే చోటు ఏ కాగితంలో ఎవరి పేర రాసి ఉంది? పట్టాలేని పోరంబోకులో యాభై ఏళ్ళు బతికినవాణ్ణి ఒక్క నోటీసుతో లేపిన కథలు మా రైతుకూలీలకు కొత్త కాదు.

రొయ్యల చెరువుల పాఠం

ఇట్లాంటి ఆశ ఒకసారి చూసినవాళ్ళమే. 1990ల్లో రొయ్యల చెరువులొచ్చాయి. "నీలి విప్లవం" అన్నారు. పొలం కౌలు కంటే చెరువు కౌలు ఎక్కువని భూములిచ్చారు. ఉప్పు పక్క పొలాల్లోకి దిగింది, మంచినీళ్ళ బావులు చెడ్డాయి. 1994–95లో తెల్లమచ్చల తెగులొచ్చి చెరువులు ఊడ్చుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మేరలో ఆ చెరువులు కూడదని తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి వాటికి మళ్ళీ దారిచ్చింది. 2009 తర్వాత వనామి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడి గట్టు మీద కూచున్న చిన్న రైతు గుండె ఆగింది.

ఈ చెరువుల్లో పని ఎవరు చేశారు? 2021 జూలై చివర రేపల్లె మండలం లంకెవానిదిబ్బ దగ్గర రొయ్యల చెరువుల కాపలాకు వచ్చిన ఒడిశా కూలీలు ఆరుగురు, నిద్రపోయిన గదిలోనే చనిపోయారు. పొట్ట చేతబట్టుకుని వచ్చిన పిల్లలు. ఆ ఆరుగురి ప్రాణం ఏ రొయ్య ధరలోనూ లెక్కకు రాలేదు. కొత్త పెట్టుబడి ఏది వచ్చినా మేము ముందు అడిగే ప్రశ్న అందుకే ఒకటి: కూలివాడు ఎక్కడ పడుకుంటాడు?

ఆ అరవై ఒక్క రోజులు

అసలు బాధ వేట నిషేధం రోజుల్లో ఉంది. నిషేధం మంచిది. గుడ్డు మీదున్న చేపను చంపితే రేపటి వేట పోతుంది. ఇది వేటగాళ్ళందరికీ తెలుసు. అయితే ఆ 61 రోజులు తినేదేమిటి?

ప్రభుత్వాలు భృతి ఇస్తున్నాయి. ఒకప్పుడు నాలుగు వేలుండేది. 2019లో పది వేలు చేశారు. 2025లో ఇరవై వేలు చేశారు. పెంచినందుకు కాదనం. అడిగి, తిరిగి, ధర్నాలు చేసినవాళ్ళ కష్టం దాని వెనక ఉంది. కాని ఆ లెక్క పడవను బట్టి, పడవ మీద ఉండే మగవాళ్ళను బట్టి నడుస్తుంది. రేవులో చేప కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే ఆడమనిషికి ఆ రోజుల్లో సరుకేదీ? ఎండుచేపలు ఆరబెట్టే ముసలమ్మకు పనేదీ? మడ అడవుల బురదలో చేత్తో పీతలు పట్టే యానాది కుటుంబానికి పడవే లేదు, ఇక పడవ కాగితమెక్కడిది? ఐసు కొట్టే కూలీ, బుట్టలు మోసే కూలీ ఏ జాబితాలో ఉన్నారు? వీళ్ళంతా సముద్రం మీద బతికేవాళ్ళే. సముద్రం మూతపడితే ముందు ఆకలయ్యేదీ వీళ్ళకే.

ఇక్కడే మా నందివెలుగు వాళ్ళు గమనించాల్సింది ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మనకేముంటుంది? మినుము, మొక్కజొన్న ఇంటికొచ్చేసి ఉంటాయి. కాలవలు కట్టేసి ఉంటాయి. నారుమడికి ఇంకా నీళ్ళు రావు. వరికోత యంత్రమొచ్చాక మిగిలిన నాలుగు పనిదినాలూ ఎప్పుడో అయిపోయి ఉంటాయి. అంటే చేలో పని లేని రోజులూ, సముద్రంలో వేట లేని రోజులూ ఒక్కటే. పైవాళ్ళు రేవుకు పని కోసం పోతే అక్కడా పని లేదు. కిందివాళ్ళు పొలం పనికి వస్తే ఇక్కడా లేదు. ఒకరి కూలిని ఒకరు తగ్గించుకోవటం తప్ప మిగిలేది లేదు. ఆ రెండు నెలలకు ఉపాధి పని పెట్టమని ఇద్దరం కలిసి అడిగామా ఎప్పుడైనా? లేదు. మా సంఘాలు మావి, వాళ్ళ సంఘాలు వాళ్ళవి అనుకున్నాం. ఈ తప్పు మాది. ఒప్పుకుంటున్నాం.

ఇంకొక సంగతి. సూర్యలంక దగ్గర వైమానిక దళం స్థావరముంది. అక్కడ క్షిపణులు పరీక్షించే రోజుల్లో ఫలానా మేర సముద్రంలోకి పోవద్దని వేటగాళ్ళకు చెబుతారు. దేశరక్షణ పనికి ఎవరూ అడ్డం చెప్పరు. కాని దేశం కోసం ఒక రోజు కూలి వదులుకోమన్నప్పుడు ఆ రోజు కూలి దేశమే ఇవ్వాలి కదా?

తుపానుల మాట చెప్పకుండా ఈ తీరం గురించి రాయటం కుదరదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో, మన ఒడ్డున వేల మందిని మింగింది. 1990 మేలో మళ్ళీ వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి పైన పడింది, పడవలు కిందపడ్డాయి. ఇప్పుడు ముందుగా కబురొస్తోంది, మనుషులను లేపుతున్నారు, ప్రాణనష్టం తగ్గింది. మంచి మార్పు. కాని ప్రాణం దక్కినవాడికి వల దక్కాలి, పడవ దక్కాలి, చేను దక్కాలి. ఆ భాగం ఇంకా మొదటి పేజీలోనే ఉంది.

మేము కోరేది

సరదా వేట వస్తే రానివ్వండి. కాని ఈ షరతుల మీద రావాలని మా కోరిక.

ఒకటి. వేట నిషేధం 61 రోజులూ అద్దె పడవల మీద సరదా వేటకూ వర్తించాలి. వలకు పాపం, రాడ్డుకు పుణ్యం కుదరదు.

రెండు. సరదా వేటకు పడవ నడిపే హక్కు ఆ ఊరి మత్స్యకార సహకార సంఘానిదే కావాలి. అద్దె రేటు సంఘం నిర్ణయించాలి. చోటూ వేళా ఎరిగి చూపించే విద్యకు కూలి విడిగా కట్టాలి. ప్రాణరక్షణ జాకెట్టు, బీమా లేనిదే పడవ కదలకూడదు.

మూడు. సూర్యలంకలోగాని, మరే ఒడ్డునగాని కట్టడం కట్టకముందు పడవలు నిలిపే చోటు, వలలు, చేపలు ఆరేసే చోటు కొలిచి, గ్రామసభలో చదివి, వేటగాళ్ళ పేర రాయాలి. చిన్న వేటగాళ్ళ హక్కుల గురించి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో మార్గదర్శకాలు ఆమోదించింది. అడగకుండా వాళ్ళ చోటు తీయవద్దని అందులోనే ఉంది. మనం కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

నాలుగు. నిషేధ భృతి చేపలమ్మే ఆడవాళ్ళకు, ఎండుచేపల పనివాళ్ళకు, యానాదులకు, రేవు కూలీలకు కూడా ఇవ్వాలి. ఆ రెండు నెలల్లో తీరంలోనూ డెల్టా ఊళ్ళల్లోనూ ఒకేసారి ఉపాధి పనులు తెరవాలి. తవ్వాల్సిన డ్రెయిన్లు బోలెడున్నాయి.

ఐదు. 8 కిలోమీటర్ల గీత కాగితం మీద కాక నీళ్ళ మీద అమలు కావాలి. క్షిపణి పరీక్షల రోజులకు పరిహారం ఇవ్వాలి. 2020 నవంబరులో శంకుస్థాపన చేసిన నిజాంపట్నం హార్బరు పనుల్లో చిన్న పడవలకూ, చేపలమ్మే ఆడవాళ్ళకూ నీడ, మంచినీళ్ళు ఉండేట్టు చూడాలి.

ఆరోది సర్కారుకు కాదు, మనకు. పశ్చిమ డెల్టా మురుగంతా డ్రెయిన్ల గుండా బాపట్ల, రేపల్లె మొగల్లోకే దిగుతుంది. మనం చేలో కొట్టిన పురుగుమందు, కాలవలో కడిగిన డబ్బా, తెనాలి మురుగు అన్నీ ఆ నీళ్ళల్లోనే. మొగలో పిల్ల రొయ్య చచ్చిందంటే పెద్ద బోటువాడొక్కడే కారణం కాదు. మన చేతివాసన కూడా అందులో ఉంది. మందు కొట్టే కూలీకి చేతి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. వాడి ఒంటికీ చేప ఒంటికీ విషం ఒకే డబ్బాలోంచి పోతోంది. ఈ ఒక్క సంగతి చాలు, మేమూ వాళ్ళూ ఒకే సంఘం కింద కూచుని మాట్లాడుకోవటానికి.

ఇక ఆ పడవవాడికి జవాబు. తమ్ముడూ, నువ్వు చేసింది తప్పు కాదు. ఎవరి కష్టం వాళ్ళు అమ్ముకునే లోకంలో నీ కష్టానికి ఒక పూట మంచి ధరొచ్చింది, పుచ్చుకున్నావు. తప్పేమిటంటే, అది నువ్వు ఒక్కడివే పుచ్చుకోవటం. రేపు ఇంకొకడు నీకంటే తక్కువకు పడవ పెడతాడు, ఎల్లుండి ఒక కంపెనీ పది పడవలు దింపుతుంది. అప్పుడు నువ్వు ఆ కంపెనీ పడవకే కూలీవి. మా ఊళ్ళో కౌలుకు చేసినవాళ్ళు కూలీలైన దారి అదే. మీ రేవులో పడవలవాళ్ళంతా ఒకచోట కూచుని రేటు కట్టండి, వంతులు వేసుకోండి, ఎగతాళి చేసినవాళ్ళనూ పిలవండి. నిషేధం మొదలయ్యే లోపల ఒక రోజు చెప్పండి. నందివెలుగు నుంచి మేము రేపల్లె రైలెక్కి వస్తాం. వేట లేని రోజుల్లో, చేలో పని లేని రోజుల్లో, కలిసి కూచోటానికి మన ఇద్దరికీ కావాల్సినంత తీరిక ఉంటుంది.